దెబ్బకు ఓర్చిన పళ్లెం: ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు చరిత్ర



జంషెడ్‌పూర్ అనగానే మనకు ఉక్కు గుర్తుకు వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనుల కోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. టాటానగర్ రైల్వే స్టేషన్‌కు దగ్గరలోని పర్సుడీహ్ నుంచి ఒక విద్యార్థి భుజాన ల్యాప్‌టాప్ సంచితో రైలెక్కుతున్నాడనుకోండి. సంచి బెర్తు మీద నుంచి జారిపడవచ్చు, తలుపుకు కొట్టుకోవచ్చు. అందులోని ప్రాజెక్టు రిపోర్టు, ఇంటిల్లిపాది ఫోటోలు మిగులుతాయా? ఈ ప్రశ్నకు ఇంజనీర్లు యాభై ఏళ్లకు పైగా జవాబు వెతికారు. ఆ అన్వేషణ ఎలా సాగిందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ఉక్కు పట్టణం నేర్పే ఒక సూత్రంతో మొదలుపెడదాం. గట్టిదనం వేరు, దెబ్బకు ఓర్చుకునే గుణం వేరు. పోత ఇనుము గట్టిదే, కాని బలమైన సుత్తి దెబ్బకు పగిలిపోతుంది. అందుకే లోహ పరీక్షశాలల్లో లోలకంలా ఊగే సుత్తితో నమూనాను కొట్టి, అది విరగడానికి ఎంత శక్తి పట్టిందో కొలుస్తారు. జంషెడ్‌పూర్‌లో 1950లో ప్రారంభమైన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల వంటి సంస్థల్లో ఇది నిత్యం జరిగే పని. హార్డ్ డిస్కు విషయంలోనూ మన ప్రశ్న ఇదే: అది ఎంత గట్టిది అని కాదు, దెబ్బను ఎలా తట్టుకుంటుంది అని.

1956లో ఐబిఎం సంస్థ రామాక్ అనే యంత్రంతో తొలి హార్డ్ డిస్కును తెచ్చింది. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలు, టన్నుకు మించిన బరువు, 50 లక్షల అక్షరాల సామర్థ్యం! అది కిందపడుతుందన్న బెంగ ఎవరికీ లేదు, ఎందుకంటే దాన్ని ఎత్తడానికే యంత్రం కావాలి. సమాచారాన్ని చదివే శీర్షం పళ్లేన్ని తాకకుండా గాలిపొర మీద తేలుతుంది. రామాక్‌లో ఆ ఎడం సుమారు 20 మైక్రాన్లు.

ఇక్కడే చిక్కు మొదలైంది. తక్కువ చోటులో ఎక్కువ సమాచారం రాయాలంటే శీర్షం పళ్లేనికి ఇంకా దగ్గర కావాలి. 1973లో వచ్చిన ఐబిఎం 3340, అంటే వించెస్టర్ డిస్కులో, ఎడం అర మైక్రాను దాకా తగ్గింది. యంత్రం ఆగినప్పుడు తేలికైన శీర్షం నూనెపూత ఉన్న పళ్లెం మీదే వాలేది. 2000 దశకం నాటికి ఎడం సుమారు 10 నానోమీటర్లకు చేరింది. మన వెంట్రుక మందం దానికి వేల రెట్లు! సామర్థ్యం పెరిగిన కొద్దీ ప్రమాదమూ పెరిగింది. సరిగ్గా అదే కాలంలో డిస్కు గది వదిలి సంచిలోకి వచ్చింది.

సంచిలోని డిస్కును కాపాడడానికి మూడు ఉపాయాలు కలిసివచ్చాయి. మొదటిది గాజు. 1990 దశకంలో ల్యాప్‌టాప్ డిస్కుల్లో అల్యూమినియం పళ్లేల స్థానంలో గాజు పళ్లేలు వ్యాపించాయి. శీర్షం ఎగిరి కొట్టినా గాజుకు సులభంగా సొట్ట పడదు. అయితే దెబ్బ హద్దు మీరితే అది పగులుతుంది. రెండవది ఏటవాలు మెట్టు. పని లేనప్పుడు శీర్షాన్ని పళ్లెం అంచు దాటించి ఒక చిన్న మెట్టు మీద నిలుపుతారు. అప్పుడు ఎంత కుదిపినా తగలడానికి శీర్షం కింద పళ్లెమే ఉండదు.

మూడవది, పడుతున్నామని గ్రహించే జ్ఞానం. 1992లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ 1.3 అంగుళాల కిట్టీహాక్ డిస్కును తెచ్చింది. దెబ్బను పసిగట్టే త్వరణమాపకాన్ని అందులో అమర్చింది. సుమారు మూడు అడుగుల ఎత్తు నుంచి పడినా తట్టుకుంటుందని చెప్పింది. కాని అది అనుకున్నంతగా అమ్ముడుపోక 1994లో ఆగిపోయింది. ఆలోచన మాత్రం బతికింది. 2003లో ఐబిఎం థింక్‌ప్యాడ్‌లలో, 2005లో ఆపిల్ పవర్‌బుక్‌లలో త్వరణమాపకం చేరింది. కార్ల ఎయిర్‌బ్యాగులను తెరిచే సాధనం వంటిదే ఇది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. అక్కడి నుంచి పడిన వస్తువు నేలను చేరడానికి సుమారు 0.39 సెకను పడుతుంది. శీర్షాన్ని మెట్టు ఎక్కించడానికి ఆ వ్యవధి చాలు. నేల తాకాక అది 1 మిల్లీమీటరు దూరంలో ఆగిందనుకుంటే, పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగించండి: 750. అంటే భూమ్యాకర్షణకు సగటున 750 రెట్ల దెబ్బ, 750 జి. మెత్తని పరుపు మీద పడి 1 సెంటీమీటరులో ఆగితే 75 జి మాత్రమే. సంచిలోని స్పాంజి విలువ ఇదే.

2000 దశకపు ల్యాప్‌టాప్ డిస్కులు నడుస్తున్నప్పుడు సుమారు 300 నుంచి 400 జి వరకు, ఆగి ఉన్నప్పుడు 900 నుంచి 1000 జి వరకు తట్టుకునేలా తయారయ్యాయి. గమనించండి: ఒకే ఎత్తు, ఒకే నేల. ఆపి ఉంచిన డిస్కు బతకవచ్చు, నడుస్తున్న డిస్కు చావవచ్చు. ఇంకొక మాట. పడేటప్పుడు త్వరణమాపకానికి ముందు సూచన అందుతుంది. బల్ల మీద నడుస్తున్న యంత్రానికి మోచేయి తగిలితే ఆ వ్యవధి ఉండదు.

ఇంతకంటే పెద్ద పతనం కూడా చరిత్రలో ఉంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక ఆకాశంలోనే ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. శకలాల్లో 340 మెగాబైట్ల హార్డ్ డిస్కు ఒకటి కాలి, కరిగిన స్థితిలో దొరికింది. నిపుణులు పళ్లేలను శుభ్రం చేసి మరొక యంత్రంలో అమర్చి, సుమారు 99 శాతం సమాచారాన్ని తిరిగి తీశారు. జినాన్ వాయువుపై చేసిన ఆ ప్రయోగ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. పళ్లేలకు గాయాలైనా వంకర పోలేదు. డిస్కు సగమే నిండి ఉండడం వల్ల, గాయాలు ఎక్కువగా రాత లేని చోట పడ్డాయి. అది నైపుణ్యం, దానికి తోడు అదృష్టం కూడా.

ఇప్పటి కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావరకు కదిలే భాగాలు లేని సాలిడ్ స్టేట్ డ్రైవులే ఉంటున్నాయి. వాటికి కుదుపుల భయం తక్కువ. అయినా ఫోటోలు, సినిమాలు దాచుకునే పోర్టబుల్ హార్డ్ డిస్కుల్లో తిరిగే పళ్లెం ఇంకా ఉంది. కనుక అది నడుస్తుండగా కదపకండి. ఆపి, పళ్లెం తిరగడం నిలిచాక తీయండి. ఇంజనీర్లు శీర్షాన్ని పళ్లేనికి దూరంగా జరిపి రక్షించారు. మీ చేతిలో ఉన్న రక్షణ కూడా దూరమే: ముఖ్యమైన ప్రతి ఫైలుకూ రెండవ ప్రతి తీసి, వేరొక చోట ఉంచండి.