గల్ఫులో మనవారి అద్దె ఇండ్లు

మన సంఘంలో ఏ ఇంటి తలుపు తట్టినా గల్ఫుకు పోయి వచ్చినవారో, ఇంకా అక్కడే ఉన్నవారో ఒక్కరైనా కనిపిస్తారు. ఎవరు ఎంత సంపాదించినారు, ఎవరు ఎక్కడ స్థలం కొన్నారు అన్న మాటలు పెండ్లి విందుల దగ్గర బాగానే సాగుతాయి. కాని అక్కడ మనవారు ఏ గదిలో పడుకున్నారు, ఆ గదికి ఎంత అద్దె కట్టినారు, అది న్యాయమైన అద్దేనా, ఉన్నట్టుండి ఖాళీ చెయ్యమంటే ఎవరితో మొర పెట్టుకున్నారు అన్న సంగతులు మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు. ఆ చరిత్రను మాకు తెలిసినంత మేరకు ఈ పుటలలో ముచ్చటించుకుందాం. ఇందులో మేము అనుభవించినది కొంత, చట్టాలు చదివి తెలుసుకున్నది కొంత.

నేటి పిల్లలకు వింతగా తోచే సంగతి ఒకటి ముందుగా చెప్పాలి. ఒకప్పుడు గల్ఫులో ఇంటద్దె మన రూపాయలలోనే కట్టేవారు. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫు ప్రాంతాల కోసం వేరే రూపాయి నోటు అచ్చు వేయించింది. కువైట్ 1961లో తన దీనారు తెచ్చుకున్నది. దుబాయిలో 1966 జూన్‌లో మన రూపాయి విలువ తగ్గించేవరకు ఆ నోటే నడిచింది. ఆ రోజులలో దుబాయి అంటే ఖోర్ అనే సముద్రపు పాయకు ఇటు బర్ దుబాయి, అటు దేరా. ఖర్జూరపు మట్టలతో అల్లిన బరస్తీ ఇండ్లు కొల్లలుగా ఉండేవి. ఇల్లు అంత తేలికైనప్పుడు అద్దె గురించి గొడవలు కూడా తేలికగానే ఉండేవేమో! అసలు చిక్కు చమురు డబ్బుతో మొదలైంది.

1973 తరువాత చమురు ధరలు పెరిగి, గల్ఫు దేశాలలో కట్టడాలు జోరందుకొని, కడప, రాయచోటి వైపు నుండి కువైట్‌కు, తెలంగాణా జిల్లాల నుండి దుబాయికి మనవారు బయలుదేరినారు. పెద్ద కంపెనీలలో చేరినవారికి క్యాంపు ఉండేది. చిన్న దుకాణాలలో చేరినవారు, ఆజాద్ వీసా మీద పోయినవారు, టైలర్లు, డ్రైవర్లు, గుమాస్తాలు మాత్రం ఎవరి గూడు వారే వెదుక్కోవలసి వచ్చింది. పెండ్లయి నలుగురు పిల్లల తండ్రి అయినా సరే, ఒంటరిగా ఉంటే అక్కడ అతని పేరు ‘బ్యాచిలర్’. ‘బ్యాచిలర్లకు ఇల్లు ఇవ్వబడదు’ అన్న బోర్డు చూసి మాలో ఒక పెద్దాయన, “మనవరాలికి సంబంధాలు చూస్తున్నాను, నేను బ్యాచిలర్‌నంట భాయ్!” అని నవ్వేవాడు.

ఈ గదుల ఏర్పాటు ఎట్లా నడిచేదో కొంచెం వివరంగా చెప్పాలి. యజమాని దగ్గర ఫ్లాటు తీసుకునేవాడు ఒకడు. కాగితం అతని పేరుతో ఉంటుంది. అతడు గదులు విడగొట్టి మరి ముగ్గురికి ఇస్తాడు. ఆ ముగ్గురూ మంచాల లెక్కన ఇంకొందరికి ఇస్తారు. ఉదాహరణకు ఫ్లాటు అద్దె నెలకు నాలుగు వేల దిర్హములనుకోండి. హాలులో కూడా ప్లైవుడ్ అడ్డం కొట్టి పన్నెండు మంచాలు వేసి, మంచానికి ఆరు వందలు తీసుకుంటే ఏడు వేల రెండు వందలవుతుంది. అంటే ఫ్లాటు మొత్తం పట్టినవాడికి అద్దె చౌక, మంచం పట్టినవాడికి ప్రియం. జీతం తక్కువైనవాడే గజం లెక్కన అందరికంటె ఎక్కువ అద్దె కట్టినాడన్న మాట. ఇందులో ప్రతివాణ్ణీ దుర్మార్గుడనలేము. ఫ్లాటు పట్టినవాడు ఏడాది అద్దెకు ముందే చెక్కులు రాసి ఇస్తాడు, మంచాలు ఖాళీగా పోతే నష్టం అతనిదే. మనవారిలో ఊరి పిల్లవాడు ఉద్యోగం లేక వస్తే రెండు నెలలు అద్దె అడగకుండా అన్నం పెట్టినవారూ ఉన్నారు. అయినా లెక్క లెక్కే.

1997లో మాకు జరిగినది చెబుతాము. బర్ దుబాయిలో ఒక ఫ్లాటులో ఏడుగురం ఉండేవారము. అసలు కిరాయిదారు మన దేశస్థుడే, మంచి మాటకారి. మా వద్ద రెండు నెలల అడ్వాన్సు తీసుకొని, సెలవు మీద ఊరికి పోతున్నానని పోయి, మళ్ళీ రాలేదు. నెల తిరగకముందే యజమాని తరఫు మనిషి వచ్చి తలుపు కొట్టినాడు. అద్దె నాలుగు నెలలుగా ముట్టలేదట! మేము నెల నెలా కట్టినాము బాబూ అంటే, ఎవరికి అన్నాడు. అద్దె తగాదాలు వినే కార్యాలయానికి పోయినాము. గుమాస్తా మర్యాదగానే మాట్లాడి, “మీ పేరున్న కాగితం ఏది?” అని ఒక్క మాట అడిగినాడు. ఏడుగురిలో ఒక్కరి దగ్గరా రసీదు ముక్క లేదు. ఆ రాత్రి సామాను తీసుకొని షార్జాలో తెలిసినవారి గదికి చేరినాము. చట్టం మమ్ములను తోసివేయలేదు, అసలు మేము దాని కంటికి కనబడనే లేదు.

అక్కడ చట్టమే లేదని మనలో చాలామంది నమ్మకం. అది సరికాదు. కువైట్‌లో 1978లోనే 35వ నంబరు అద్దె చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇల్లు అద్దెకిచ్చిన తరువాత అయిదు సంవత్సరాలు గడిచేదాకా యజమాని అద్దె పెంచమని అడగరాదు. సాల్మియాలో, ఫహాహీల్‌లో కాగితం చేయించుకున్న కుటుంబాలు దీని మేలు అనుభవించినాయి. మనవారిలో ఎక్కువమంది భవనం చూసుకొనే హారిస్ చేతికి డబ్బు ఇచ్చి, అతని మాట మీదనే ఉన్నారు. హారిస్ మారితే మాట మారింది.

కాగితం విలువ ఏమిటో 1990లో మరీ చేదుగా తెలిసింది. ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించినాయి. సుమారు లక్షా డెబ్బయి వేల మంది భారతీయులను అమ్మాను మీదుగా విమానాలలో తీసుకొచ్చినారు. ఇండ్లకు తాళాలు వేసి, కట్టుబట్టలతో వచ్చినవారు మన ఊళ్ళలో ఎందరో. తరువాత ఐక్యరాజ్య సమితి నష్టపరిహార సంఘం ఏర్పడినప్పుడు, దేశం విడిచి రావలసి వచ్చినందుకు ఒక స్థిరమైన మొత్తం ఇచ్చినారు. కాని ఇంట్లో పోయిన సామానుకు విడిగా అడగాలంటే రుజువులు చూపించాలి. అద్దె కాగితం, రసీదులు సంచిలో వేసుకొని వచ్చిన ఇల్లాండ్రు గెలిచినారు. నగలు సర్దుకొని కాగితాలు మరచినవారు ఆ ఫారము నింపడానికే తంటాలు పడినారు.

దుబాయి సంగతికి వద్దాం. 2002లో విదేశీయులు కూడా కొన్ని ప్రాంతాలలో ఇండ్లు కొనవచ్చునని ప్రకటించిన దరిమిలా ఊరు ఊరంతా పెరిగింది, దానితో అద్దెలూ పెరిగినాయి. ఏడాది ఒప్పందం తీరగానే యజమాని నోటికి వచ్చినది అడిగే పరిస్థితి వచ్చింది. 2005 నవంబరులో ప్రభుత్వం మొట్టమొదట 15 శాతం కంటె పెంచరాదని హద్దు పెట్టింది. 2007లో అది 7 శాతం, 2008లో 5 శాతం అయింది. 2007లో 26వ నంబరు చట్టం వచ్చి అద్దె ఒప్పందాలు నమోదు కావాలన్నది. 2010లో ‘ఇజారీ’ అనే నమోదు పద్ధతి ఆరంభమైంది. 2013లో 43వ నంబరు ఉత్తర్వు వచ్చి లెక్క ఇంకా స్పష్టం చేసింది: ఆ ప్రాంతపు సగటు కంటె మీ అద్దె 10 శాతం వరకు తక్కువగా ఉంటే ఏమీ పెంచరాదు. అంతకు మించి తక్కువగా ఉంటే ఆ తేడాను బట్టి 5 శాతం నుండి, ఎంత తక్కువైనా 20 శాతం వరకే పెంచాలి. ఒప్పందపు షరతులు మార్చాలంటే 90 రోజుల ముందు చెప్పాలి. సొంతానికి కావాలన్నా, అమ్ముకోవాలన్నా గడువు తీరినాక ఖాళీ చేయించడానికి పన్నెండు నెలల నోటీసు ఇవ్వాలి. 2025 జనవరి నుండి భవనాన్ని బట్టి అద్దె సూచిక చూసుకొనే వీలు కూడా వచ్చింది.

ఇంత మంచి ఏర్పాటు మంచం అద్దెకు తీసుకున్నవాణ్ణి చేరదు. యజమాని రాతపూర్వకమైన అనుమతి లేనిదే ఇల్లు మరొకరికి అద్దెకివ్వరాదని అదే 2007 చట్టం చెబుతుంది. అలా ఇస్తే యజమాని ఇద్దరినీ ఖాళీ చేయించవచ్చు. లోపల ఉన్నవాడు తన నష్టాన్ని తనకు అద్దెకిచ్చినవాని దగ్గరే వసూలు చేసుకోవాలి. మా 1997 నాటి మాటకారిని ఏ ఊరిలో వెదకాలి?

ఇంకొక బాధాకరమైన సంగతి ఉంది. 2008 ఆగస్టులో దేరాలోని నైఫ్ ప్రాంతంలో కిక్కిరిసిన ఒక ఇంట్లో మంటలు లేచి 11 మంది చనిపోయినారు. ఎక్కువమంది మన దేశపు కూలీలే. ఆ రోజులలోనే మునిసిపాలిటీవారు ఒక విల్లాకు ఒక కుటుంబమే అన్న నియమం గట్టిగా అమలు చేయసాగినారు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే భవనం కాలి సుమారు 50 మంది పోయినారు, అందులోనూ అధికులు భారతీయులే. ఇటువంటివి జరిగిన ప్రతిసారి తనిఖీలు వస్తాయి, ప్లైవుడ్ గోడలు కూలుస్తారు. అవసరమైన పనే, కాదనము. కాని గోడ కూల్చిన రాత్రి అక్కడివాళ్ళు ఎక్కడ పడుకున్నారని అడిగేవారు తక్కువ. వారు పోయేది మరొక ప్లైవుడ్ గోడ వెనకకే.

కుటుంబాన్ని పిలిపించుకోవడంలో కూడా ఈ కాగితమే అడ్డం. ఎమిరేట్సులో భార్యాబిడ్డల వీసాకు నెలకు 4,000 దిర్హముల జీతం, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చే ఇల్లు ఉండాలి. నమోదైన అద్దె ఒప్పందమూ చూపాలి. ఒప్పందం కావాలంటే చెక్కులు కావాలి, చెక్కు పుస్తకానికి బ్యాంకు ఖాతా కావాలి. అద్దె కాక ఏజెంటుకు సాధారణంగా 5 శాతం, యజమానికి డిపాజిట్టు, ఫ్లాటుకైతే కరెంటు నీళ్ళకు 2,000 దిర్హములు, ఆపైన ఏడాది అద్దెలో 5 శాతం మునిసిపాలిటీ రుసుము. ఇవి ముందుగా లెక్క వేసుకోక అప్పుల పాలైనవారిని చూసినాము. చెక్కు చెల్లకపోతే జైలే అన్న భయం ఏండ్ల తరబడి ఉండేది. 2022 జనవరి నుండి ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగివస్తే చాలావరకు సివిలు వ్యవహారంగానే చూస్తున్నారు.

కొనుగోలు సంగతి కొంచెమే చెబుతాము, ఎందుకంటే మనవారిలో కొన్నది కొద్దిమందే. 2006 చట్టం విదేశీయుల యాజమాన్యాన్ని కొన్ని గుర్తించిన ప్రాంతాలకే పరిమితం చేసింది. కట్టకముందే కాగితం మీద కొన్నవారు 2008 సంక్షోభంలో ధరలు సగానికి పడిపోగా విలవిలలాడినారు. సౌదీలో 2000 నాటి చట్టం అనుమతితో ఉండేందుకు ఇల్లు కొననిచ్చినా, మక్కా మదీనాలను మినహాయించింది. 2026 జనవరి నుండి అక్కడ కొత్త చట్టం అమలులోకి వచ్చింది. రియాద్‌లో 2025 సెప్టెంబరు నుండి అయిదేండ్లపాటు అద్దెల పెంపు నిలిపివేసినారు. మక్కా పేరు వచ్చింది గనుక ఒక మాట: నైజాము కాలంలో హైదరాబాదు రాజ్యపు యాత్రికుల కోసం అక్కడ ఏర్పరచిన రుబాతులలో మన పెద్దలు అద్దె లేకుండా దిగేవారు. పరాయి దేశంలో మనవారికి అద్దె బెడద లేని ఇల్లు అదొక్కటే కాబోలు.

ఈ వ్యాసం కోసం అడిగితే ఒక సోదరుడు 1980ల నాటి కువైట్ అద్దె రసీదులు, అరబ్బీలో రాసినవి, పెట్టె అడుగు నుండి తీసి చూపించినారు. మీ ఇండ్లలో కూడా అటువంటి ఒప్పందాలు, రసీదులు, గదిలో నలుగురు కలిసి రాసుకున్న మెస్సు లెక్కల పుస్తకాలు ఉంటే పారవేయకండి. సంఘం ఆఫీసుకు తెచ్చి చూపించండి, నకలు తీసుకొని అసలు మీకు అదే రోజు తిరిగి ఇస్తాము. ఈ ఏడాది కొత్తగా పోయే పిల్లలు అడ్వాన్సు ఇచ్చే ముందు, గది ఎవరి పేరుతో ఉన్నదో ఇజారీ కాగితం చూపించమని అడగాలి. ఎట్లా చదవాలో తెలియకపోతే ఫోటో తీసి మాకు పంపినా సరే.