ఓరియంట్ ఎక్స్‌ప్రెస్

ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ఐరోపా ఖండంలో పారిస్ నగరాన్ని కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) నగరంతో కలుపుతూ నడిచిన సుప్రసిద్ధమైన దూరప్రయాణపు రైలు. 1883లో ప్రారంభమైన ఈ రైలు, మార్గంలోనూ పేరులోనూ అనేక మార్పులు పొందుతూ 2009 వరకు ఏదో ఒక రూపంలో కొనసాగింది. రాజులు, రాయబారులు, ధనవంతులు, రచయితలు ప్రయాణించిన రైలుగా ఇది పేరుపొందింది. విలాసవంతమైన ప్రయాణానికి దీని పేరు పర్యాయపదంగా మారింది. అయితే ఈ రైలు చరిత్ర కేవలం విలాసాల చరిత్ర కాదు. అనేక దేశాల సరిహద్దులను దాటవలసిన రైలు కనుక, ఐరోపాలో జరిగిన ప్రతి యుద్ధమూ, మారిన ప్రతి సరిహద్దూ దీని మార్గాన్ని మార్చాయి, కొన్నిసార్లు పూర్తిగా ఆపివేశాయి.

పేరు

"ఓరియంట్" అనగా తూర్పుదిక్కు, తూర్పుదేశాలు అని అర్థం. 19వ శతాబ్దపు పశ్చిమ ఐరోపా వాసుల దృష్టిలో తూర్పుదేశాలు ఆటోమాన్ (తురుష్క) సామ్రాజ్యంతో మొదలయ్యేవి. ఆ సామ్రాజ్యపు రాజధానికి చేర్చే రైలు కనుక దీనికి ఈ పేరు వచ్చింది. మొదట "ఎక్స్‌ప్రెస్ దోరియాఁ" అనే ఫ్రెంచి పేరుతో నడిచి, తరువాత ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌గా స్థిరపడింది. కాలక్రమంలో సింప్లన్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్, ఆర్ల్‌బర్గ్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్, డైరెక్ట్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అనే పేర్లతో వేర్వేరు మార్గాలలో రైళ్ళు నడిచాయి. సాధారణ వ్యవహారంలో వీటన్నిటినీ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అనే పిలుస్తారు.

పూర్వరంగం

ఈ రైలుకు మూలపురుషుడు జార్జ్ నాగెల్మాకర్స్. ఇతడు 1845లో బెల్జియం దేశంలోని లియేజ్ నగరంలో ఒక బ్యాంకు యజమానుల కుటుంబంలో జన్మించాడు. 1860ల చివరలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పర్యటించినపుడు, అక్కడ జార్జ్ పుల్‌మన్ నడుపుతున్న పడక పెట్టెలను చూశాడు. రాత్రివేళ పడుకొని ప్రయాణించే ఏర్పాటు అప్పటికి ఐరోపాలో దాదాపుగా లేదు. పైగా ఐరోపాలో ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క రైల్వే వ్యవస్థ ఉండేది. సరిహద్దు వచ్చిన ప్రతిచోటా ప్రయాణికులు సామానుతో దిగి, వేరొక రైలు ఎక్కవలసి వచ్చేది.

సరిహద్దులతో నిమిత్తం లేకుండా ఎక్కినచోటు నుండి గమ్యం వరకు ఒకే పెట్టెలో ప్రయాణించాలన్నది నాగెల్మాకర్స్ ఆలోచన. ఇందుకోసం స్థాపించిన సంస్థ 1876లో అంతర్జాతీయ పడక పెట్టెల కంపెనీగా స్థిరపడింది. దీనిని క్లుప్తంగా వాగన్-లీ కంపెనీ అంటారు. 1882లో పారిస్ నుండి వియన్నా వరకు ఒక ప్రయోగాత్మక రైలును నడిపి, అది విజయవంతమయ్యాక మరుసటి సంవత్సరం ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌కు శ్రీకారం చుట్టాడు.

తొలి ప్రయాణం

1883 జూన్ 5న పారిస్ నుండి వియన్నాకు తొలి రైలు బయలుదేరినప్పటికీ, కాన్‌స్టాంటినోపుల్ వరకు లాంఛనప్రాయమైన ప్రారంభయాత్ర 1883 అక్టోబరు 4న జరిగింది. ఈ యాత్రకు నాగెల్మాకర్స్ ఆహ్వానించిన అతిథులలో లండన్ టైమ్స్ పత్రిక విలేఖరి హెన్రీ దె బ్లోవిట్జ్, ఫ్రెంచి రచయిత ఎద్మోఁ అబూ ఉన్నారు. వీరిద్దరూ తరువాత తమ ప్రయాణ అనుభవాలను పుస్తకాలుగా ప్రచురించారు.

అప్పటికి బాల్కన్ ప్రాంతంలో రైలుమార్గం పూర్తి కాలేదు. అందువలన రైలు పారిస్ నుండి స్ట్రాస్‌బర్గ్, మ్యూనిచ్, వియన్నా, బుడాపెస్ట్, బుకారెస్ట్ మీదుగా రుమేనియాలోని జుర్జు అనే రేవు వరకు మాత్రమే వెళ్ళింది. అక్కడ ప్రయాణికులు పడవలో డాన్యూబ్ నదిని దాటి, బల్గేరియాలోని రూసె పట్టణంలో మరొక రైలు ఎక్కి నల్లసముద్రపు తీరంలోని వర్నాకు చేరారు. వర్నా నుండి ఓడలో కాన్‌స్టాంటినోపుల్ చేరుకున్నారు.

ఆటోమాన్ ప్రభుత్వం నుండి బారన్ హిర్ష్ 1869లో అనుమతి పొంది మొదలుపెట్టిన బాల్కన్ రైలుమార్గం 1888లో పూర్తయింది. ఆ తరువాత 1889 జూన్ 1న పారిస్ నుండి కాన్‌స్టాంటినోపుల్‌కు, మధ్యలో ఓడ ఎక్కే పని లేకుండా, నేరుగా వెళ్ళే మొదటి రైలు బయలుదేరింది. సుమారు 3,000 కిలోమీటర్ల ఈ ప్రయాణానికి మూడు రోజులకు కొద్దిగా తక్కువ సమయం పట్టేది.

నిర్వహణ విధానం

వాగన్-లీ కంపెనీకి ఈ మార్గంలో సొంత పట్టాలు గానీ, సొంత ఇంజన్లు గానీ లేవు. పడక పెట్టెలు, భోజనశాల పెట్టెలు, వాటిలో పనిచేసే సిబ్బంది మాత్రమే కంపెనీవి. ఏ దేశంలో ప్రవేశిస్తే ఆ దేశపు రైల్వే తన ఇంజనును తగిలించి, తన సరిహద్దు వరకు రైలును లాగి, తరువాతి దేశానికి అప్పగించేది. ప్రయాణికుడు మొదటి తరగతి టికెట్టు ధరతో పాటు కంపెనీకి అదనపు రుసుము చెల్లించేవాడు. మొదటి తరగతి ధర రైల్వేలకు, అదనపు రుసుము కంపెనీకి చెందేవి. ఒక రైలు సాఫీగా నడవాలంటే అన్ని దేశాల రైల్వేలతోనూ ఒప్పందాలు ఉండాలి. వాటిలో ఒక్క దేశం కాదన్నా మార్గం తెగిపోతుంది. ఈ రైలు బలమూ, బలహీనతా రెండూ ఇందులోనే ఉన్నాయి.

ప్రతి పడక పెట్టెకూ ఒక కండక్టరు ఉండేవాడు. ప్రయాణికుల పాస్‌పోర్టులను ముందుగానే తీసుకొని తన వద్ద ఉంచుకోవడం, అర్ధరాత్రి సరిహద్దు వచ్చినపుడు వారిని నిద్రలేపకుండా అధికారులకు తానే చూపించడం ఇతని విధి. పగటివేళ కూర్చునే గదిని రాత్రికి పడకగదిగా మార్చడం కూడా ఇతని పనే.

దారిలోని కూడళ్ళలో కొన్ని పెట్టెలను విడదీయడం, కొత్తవి కలపడం జరిగేది. ఇంగ్లీషు చానల్ తీరాన ఉన్న కలే నుండి వచ్చే పెట్టెలు పారిస్‌లో కలిసేవి. బుకారెస్ట్, ఏథెన్సు నగరాలకు వెళ్ళే పెట్టెలు మధ్యలో విడిపోయేవి. అందువలన బయలుదేరిన రైలులోని పెట్టెలన్నీ ఒకేచోటికి చేరేవి కావు.

పెట్టెలు, సౌకర్యాలు

తొలినాటి పెట్టెలు టేకు చెక్కతో నిర్మించినవి. లోపల గ్యాసు దీపాలు, చలికాలంలో వెచ్చదనం కోసం ఏర్పాట్లు, తోలు, ముఖమల్ వస్త్రాలతో కప్పిన ఆసనాలు ఉండేవి. భోజనశాలలో వెండి సామగ్రి, స్ఫటికపు గ్లాసులు వాడేవారు. కదిలే రైలులోని ఇరుకైన వంటగదిలో బొగ్గుపొయ్యి మీదనే అనేక రకాల వంటకాలు తయారయ్యేవి.

1922 నుండి కంపెనీ చెక్క పెట్టెల స్థానంలో ఉక్కు పెట్టెలను ప్రవేశపెట్టింది. ముదురు నీలిరంగు మీద బంగారు గీతలు, కంపెనీ చిహ్నం గల ఈ పెట్టెలే తరువాత ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రూపంగా జనం మనస్సులో నిలిచిపోయాయి. 1929లో తయారైన ఎల్‌ఎక్స్ రకం పెట్టెలు వీటిలో మేలైనవి. వీటిలో కొన్నిటి గోడలకు ఫ్రెంచి కళాకారుడు రెనే ప్రూ రూపొందించిన, రంగురంగుల చెక్కముక్కలను పొదిగిన పూల నమూనాలు ఉన్నాయి.

మార్గం, ప్రకృతి దృశ్యాలు

పారిస్ నుండి వియన్నా మీదుగా వెళ్ళే పాత మార్గం రైన్ నదిని దాటి, బవేరియా మైదానాల గుండా సాగి, వియన్నా తరువాత డాన్యూబ్ నదీ ప్రాంతంలో ప్రయాణిస్తుంది.

దృశ్యాల పరంగా ప్రసిద్ధమైనది సింప్లన్ మార్గం. స్విట్జర్లాండు, ఇటలీ దేశాల మధ్య ఆల్ప్స్ పర్వతాల క్రింద 19.8 కిలోమీటర్ల పొడవున తొలిచిన సింప్లన్ సొరంగం 1906లో ప్రారంభమైంది. 1982 వరకు ప్రపంచంలోని పొడవైన రైలు సొరంగాలలో ఇదే మొదటిది. ఈ మార్గంలో రైలు జెనీవా సరస్సు ఒడ్డున, నీటి అంచున నిలిచిన షియోఁ కోట ప్రక్కగా సాగి, రోన్ నదీలోయ వెంట ఎగువకు వెళ్ళి, బ్రిగ్ వద్ద సొరంగంలో ప్రవేశిస్తుంది. ఇటలీ వైపు వెలువడిన తరువాత మజోరె సరస్సు కనిపిస్తుంది. మిలాన్ దాటి, వెనిస్ నగరానికి సముద్రపు కయ్య మీద కట్టిన వంతెనపై చేరుతుంది. తరువాత ఏడ్రియాటిక్ సముద్రతీరంలోని త్రియెస్తె, ఆ పైన జాగ్రెబ్, బెల్‌గ్రేడ్, సోఫియా వస్తాయి. చివరి ఘట్టంలో రైలు మర్మరా సముద్రపు ఒడ్డున, నగరపు ప్రాచీన ప్రాకారాలను దాటి, తోప్‌కాపి రాజప్రాసాదం దిగువ నుండి సిర్కెజి స్టేషనుకు చేరుకునేది. 1890లో ప్రారంభమైన ఈ స్టేషను భవనం నేటికీ ఉంది.

యుద్ధాలు, సరిహద్దులు

1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభం కావడంతో రైలు ఆగిపోయింది. జర్మనీలో చిక్కుకున్న వాగన్-లీ పెట్టెలు స్వాధీనం చేసుకోబడ్డాయి. వాగన్-లీకి పోటీగా 1916లో మిత్రోపా అనే సంస్థ ఏర్పడింది.

యుద్ధానంతరం 1919 ఏప్రిల్‌లో సింప్లన్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ప్రారంభమైంది. ఓడిపోయిన జర్మనీ, ఆస్ట్రియా దేశాలలో అడుగుపెట్టకుండా ఇటలీ, యుగోస్లావియాల మీదుగా ఇస్తాంబుల్ చేరడం ఈ మార్గం ఉద్దేశ్యం. యుద్ధానికి పూర్వం తన రాజధాని వియన్నాను తప్పించి వెళ్ళే ఇటువంటి మార్గానికి ఆస్ట్రియా అంగీకరించలేదు. ఆ విధంగా ఈ రైలు పట్టిక కూడా విజేతలు నిర్ణయించిన రాజకీయ పటంలో భాగమైంది. 1923లో ఫ్రాన్సు జర్మనీలోని రూర్ ప్రాంతాన్ని ఆక్రమించుకొనగా, పాత మార్గంలోని రైలును కొంతకాలం స్విట్జర్లాండు గుండా మళ్ళించవలసి వచ్చింది.

కొత్త సరిహద్దుల వలన చిత్రమైన పరిస్థితులు కూడా ఏర్పడ్డాయి. టర్కీలోని ఎడిర్నె పరిసరాలలో రైలు టర్కీ నగరానికి వెళ్ళడానికి గ్రీసు భూభాగంలో కొంతదూరం ప్రయాణించవలసి వచ్చేది. 1971లో టర్కీ వేరుగా మార్గం నిర్మించుకున్న తరువాతనే ఈ ఇబ్బంది తొలగింది.

రెండవ ప్రపంచయుద్ధంలో సేవలు మళ్ళీ నిలిచిపోయి, యుద్ధం ముగిశాక దశలవారీగా మొదలయ్యాయి. కానీ అప్పటికి తూర్పు ఐరోపాలో కమ్యూనిస్టు ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. సరిహద్దులలో తనిఖీలు కఠినమయ్యాయి. బల్గేరియా, టర్కీ దేశాల మధ్య సరిహద్దు మూతబడటంతో 1951-52 ప్రాంతంలో రైలు ఇస్తాంబుల్ వరకు వెళ్ళలేకపోయింది.

క్షీణదశ

విమానయానం పెరగడంతో ధనిక ప్రయాణికులు రైలుకు దూరమయ్యారు. 1962లో సింప్లన్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌ను రద్దుచేసి, దాని స్థానంలో మరింత నెమ్మదిగా నడిచే డైరెక్ట్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌ను ప్రవేశపెట్టారు. దీనిలో పడక పెట్టెలు తగ్గి, సాధారణ పెట్టెలు పెరిగాయి. చాలా దూరం భోజనశాల ఉండేది కాదు కనుక ప్రయాణికులు తిండి వెంట తెచ్చుకునేవారు. ఒకప్పుడు రాజవంశీకులు ఎక్కిన మార్గంలో, పశ్చిమ ఐరోపా కర్మాగారాలలో పనిచేయడానికి వెళ్ళే యుగోస్లావియా, టర్కీ కార్మికులు, తక్కువ ఖర్చుతో దేశాలు చూడాలనుకునే విద్యార్థులు ప్రధాన ప్రయాణికులయ్యారు. విలాసం పోయినా, సామాన్యులకు ఇది ఎంతో అవసరమైన రైలుగా మిగిలింది. 1977 మే 19న పారిస్ నుండి ఇస్తాంబుల్‌కు దీని చివరి ప్రయాణం మొదలైంది.

ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అనే పేరుతో పారిస్ నుండి బుడాపెస్ట్, బుకారెస్ట్‌ల వైపు వెళ్ళే రైలు మాత్రం కొనసాగింది. 2001లో దానిని వియన్నా వరకు కుదించారు. 2007లో పారిస్, స్ట్రాస్‌బర్గ్‌ల మధ్య అతివేగ రైళ్ళు రావడంతో ఇది స్ట్రాస్‌బర్గ్ నుండి మాత్రమే నడిచింది. 2009 డిసెంబరులో అదీ రద్దయింది. పారిస్, వియన్నాల మధ్య రాత్రి రైలును 2021 డిసెంబరులో పునరుద్ధరించినా, 2025 డిసెంబరులో అది కూడా ఆగిపోయింది.

పునరుద్ధరణ

1977 అక్టోబరులో మాంటీకార్లోలో జరిగిన వేలంలో అమెరికన్ వ్యాపారవేత్త జేమ్స్ షేర్‌వుడ్ రెండు పాత పెట్టెలను కొన్నాడు. తరువాత మరికొన్నిటిని సేకరించి, మరమ్మతు చేయించి, 1982 మే 25న లండన్ నుండి వెనిస్‌కు "వెనిస్ సింప్లన్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్" పేరుతో పర్యాటక రైలును ప్రారంభించాడు. దీనిని నడిపే బెల్మండ్ సంస్థ 2019 నుండి ఎల్‌వీఎమ్‌హెచ్ సంస్థ అధీనంలో ఉంది. పేరులో సింప్లన్ ఉన్నా, ఈ రైలు ఎక్కువగా ఆస్ట్రియాలోని ఆర్ల్‌బర్గ్, బ్రెన్నర్ కనుమల మీదుగా వెళ్ళింది. బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుండి వైదొలగిన తరువాత సరిహద్దు తనిఖీలు పెరగడంతో, ఇంగ్లండులోని ప్రయాణభాగాన్ని 2023తో నిలిపివేశారు. సరిహద్దులు ఈ రైలును నేటికీ ప్రభావితం చేస్తున్నాయనడానికి ఇది నిదర్శనం.

ఇటలీలో 2025 ఏప్రిల్‌లో "లా డోల్చే వీటా ఓరియంట్ ఎక్స్‌ప్రెస్" అనే మరొక విలాస రైలు మొదలైంది. ఇవి రెండూ పర్యాటక రైళ్ళు. ఊరి నుండి ఊరికి పనిమీద వెళ్ళేవారి కోసం ఉద్దేశించినవి కావు. టికెట్టు ధరలు సామాన్యులకు అందుబాటులో ఉండవు.

సాహిత్యం, సినిమా

అగాథా క్రిస్టీ 1934లో ప్రచురించిన "మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్" నవల ఈ రైలుకు ప్రపంచవ్యాప్తంగా కీర్తి తెచ్చింది. మంచులో చిక్కుకున్న రైలులో జరిగిన హత్యను హెర్క్యూల్ పైరో అనే డిటెక్టివ్ ఛేదించడం ఇందులోని కథ. రచయిత్రి స్వయంగా ఈ రైలులో పలుమార్లు ప్రయాణించింది. 1929లో ఇస్తాంబుల్‌కు పశ్చిమాన చెర్కెజ్‌కోయ్ వద్ద రైలు నిజంగానే కొన్ని రోజులపాటు మంచులో చిక్కుకుపోయింది. ఈ నవల ఆధారంగా 1974లో సిడ్నీ ల్యూమెట్, 2017లో కెన్నెత్ బ్రానా దర్శకత్వంలో చలనచిత్రాలు వచ్చాయి. మొదటి చిత్రంలో నటనకు ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ పురస్కారం పొందింది.

గ్రాహం గ్రీన్ నవల "స్తాంబుల్ ట్రెయిన్" (1932), ఇయాన్ ఫ్లెమింగ్ నవల "ఫ్రమ్ రష్యా విత్ లవ్" (1957)లలోనూ ఇస్తాంబుల్ రైలు ప్రయాణం ముఖ్యమైన పాత్ర వహించింది. బ్రామ్ స్టోకర్ రచించిన "డ్రాకులా" (1897)లోని పాత్రలు వర్నా చేరడానికి ఎక్కినది కూడా ఓరియంట్ ఎక్స్‌ప్రెస్సే.

విశేషాలు

- ఈ రైలులో వచ్చే ప్రయాణికుల బస కోసం 19వ శతాబ్దపు చివరి దశాబ్దంలో ఇస్తాంబుల్‌లో పెరా ప్యాలెస్ హోటలును నిర్మించారు.
- 1891లో చెర్కెజ్‌కోయ్ సమీపంలో దొంగలు ఈ రైలును పట్టాలు తప్పించి, కొందరు ప్రయాణికులను బందీలుగా పట్టుకొని, సొమ్ము తీసుకున్న తరువాత విడిచిపెట్టారు.
- మొదటి ప్రపంచయుద్ధాన్ని ముగించిన 1918 నవంబరు 11 నాటి ఒప్పందంపై వాగన్-లీ కంపెనీకి చెందిన 2419 సంఖ్యగల భోజనశాల పెట్టెలో సంతకాలు జరిగాయి. 1940లో ఫ్రాన్సు ఓడిపోయినపుడు హిట్లర్ అదే పెట్టెలో ఫ్రెంచివారి చేత సంతకం చేయించాడు. 1945లో ఆ పెట్టె ధ్వంసమైంది. ఇది కంపెనీకి చెందినదే గానీ, ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ కోసం ప్రత్యేకంగా తయారైనది కాదు.
- భారతదేశపు విలాసవంతమైన పర్యాటక రైలు ప్యాలెస్ ఆన్ వీల్స్ కూడా వెనిస్ సింప్లన్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ప్రారంభమైన 1982 సంవత్సరంలోనే, జనవరి 26న మొదలైంది.