ప్రజలకు చేరువగా పోలీసు సేవలు: విజయవాడ కమిషనరేట్ పనితీరు

నేరాలను అరికట్టడం, శాంతిభద్రతలను పరిరక్షించడం పోలీసు శాఖ ప్రధాన విధులు. ప్రజల సహకారం లేనిదే ఈ విధులు నెరవేరవు. ఈ దృష్టితోనే మహిళలకు, బాలలకు సహాయం, కుటుంబ సలహా, సైబర్ నేరాలపై అవగాహన వంటి సేవా కార్యక్రమాలను విజయవాడ పోలీసులు చేపడుతూ వచ్చారు. ఈ సేవలు ఫిర్యాదుదారునికి చట్టం కల్పించిన హక్కులకు అనుబంధమే తప్ప ప్రత్యామ్నాయం కావు.

పరిధి

విజయవాడ పోలీస్ కమిషనరేట్ 1983లో ఏర్పాటైంది. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఆవిర్భవించడంతో కమిషనరేట్ పరిధి ఆ జిల్లాకు అనుగుణంగా మారింది. నగరాన్ని ఆనుకొని ఉన్న పెనమలూరు, గన్నవరం ప్రాంతాలు మచిలీపట్నం కేంద్రంగా గల కృష్ణా జిల్లా పోలీసుల పరిధిలోకి వెళ్లాయి.

పరిధి ఏదైనప్పటికీ ఫిర్యాదును తిరస్కరించరాదు. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చును. దీనినే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో సమాచారం ఇచ్చినవారు 3 రోజులలోగా సంతకం చేయవలసి ఉంటుంది. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా అందజేయాలి. దర్యాప్తు పురోగతిని 90 రోజులలోగా బాధితులకు తెలియజేయాలి.

మహిళలు, బాలలు

గౌతమ్ సవాంగ్ పోలీస్ కమిషనర్‌గా ఉన్న కాలంలో నగరంలో మహిళా మిత్ర బృందాలు ఏర్పడ్డాయి. స్థానిక మహిళలు స్వచ్ఛందంగా పోలీసులకు, బాధితులకు మధ్య వారధిగా నిలవడం ఈ విధానం ఉద్దేశం. బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం ప్రతి పోలీస్ స్టేషన్‌లో ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి.

సయోధ్య, కేసు నమోదు

కుటుంబ తగాదాలలో ఇరుపక్షాలకు సలహా ఇవ్వడం మేలు చేయవచ్చును. అయితే రాజీ పేరుతో కేసు నమోదును నిలిపివేయడం చట్టసమ్మతం కాదు. పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం జరిగినట్లు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరి అని లలితా కుమారి కేసులో 2013 నవంబరు 12న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వివాహ, కుటుంబ వివాదాల వంటి కొన్ని సందర్భాలలో మాత్రమే ప్రాథమిక విచారణకు అవకాశం ఇచ్చింది. స్టేషన్‌లో ఫిర్యాదు స్వీకరించకపోతే పై అధికారికి లిఖితపూర్వకంగా, అప్పటికీ ఫలితం లేనిచో మేజిస్ట్రేటుకు విన్నవించుకోవచ్చును.

విపత్తు సమయంలో

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద అజిత్‌సింగ్ నగర్ పరిసరాలను ముంచెత్తింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఇటువంటి వేళలలో ముంపు ఇళ్లలో చిక్కుకున్న వృద్ధులు, గర్భిణుల వివరాలు తెలిసినవారు ఇరుగుపొరుగువారే. కాలనీలతో ముందుగానే ఏర్పరచుకున్న పరిచయాలు సహాయక బృందాలకు దారి చూపుతాయి.

సహాయ నంబర్లు

అత్యవసర సేవలకు 112, మహిళలకు 181, బాలలకు 1098, సైబర్ ఆర్థిక మోసాలకు 1930. సైబర్ మోసం జరిగిన వెంటనే ఫోన్ చేసినట్లయితే సొమ్మును స్తంభింపజేసే అవకాశం అధికంగా ఉంటుంది.

పాత్రికేయులకు సూచన

లైంగిక నేరాల బాధితుల గుర్తింపును వెల్లడించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం, బాలల వివరాలు వెల్లడించడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. ఊరు, పాఠశాల, బంధువుల పేర్ల ద్వారా కూడా వారిని గుర్తించే వీలు లేకుండా వార్తలు ప్రచురించవలసి ఉంటుంది.