ముక్కు కొలత నుంచి గాజుపెట్టె దాకా

ఒకసారి రఘునాథపల్లి చుట్టుపక్కల తండాల పిల్లలను మేము పట్నంలో ఒక మ్యూజియానికి తీసుకుపోయాం. మొదటి గదిలో కోతి వంగి నడుస్తూ నడుస్తూ నిటారు మనిషిగా మారిన బొమ్మ. రెండో గదిలో రాతి గొడ్డళ్లు. మూడో గదిలో గాజు వెనుక ఫేట్యా, కాంచళి తొడిగిన మన ఆడమనిషి బొమ్మ. ఆరో తరగతి పిల్ల అడిగింది: "సార్, మా యాడి రాతి గొడ్డళ్ల పక్కన ఎందుకుంది?" ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఆ గదుల వరుస ఎవరు కట్టిన వరుసో తర్వాత వెతికాం.

1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా ఉన్నవాడు ఎడ్గార్ థర్‌స్టన్. కొలత పరికరాలు పట్టుకుని ఊళ్లూ అడవులూ తిరిగి తలలు, ముక్కులు కొలిచాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి 100తో గుణిస్తే వచ్చే అంకెను నాసికా సూచిక అన్నారు. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిస్లే ఆ అంకె పట్టుకుని, ముక్కు ఎంత వెడల్పైతే సంఘంలో స్థానం అంత కిందికి అని సూత్రం కట్టాడు. వాయనాడు పణియ ఆడవాళ్లు థర్‌స్టన్‌ను చూసి పారిపోయారట. తమలో మంచి మనుషులను ఏరి, చంపిన జంతువుల్లా తోలులో గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ల భయం. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు, అలా చేయగలిగితే ఎంత బాగుండునో అని సరదాగా ఒక మాట కూడా చేర్చాడు. మాకు నవ్వు రాలేదు. దక్షిణాది కులాలు, తెగల మీద ఆయన 7 సంపుటాలు 1909లో వచ్చాయి. మన నిజాం రాజ్యం మీద అలాంటి పుస్తకం సయ్యద్ సిరాజుల్ హసన్ పేరుతో 1920లో వచ్చింది.

ఈ కొలతలను కొలతలతోనే కొట్టినవాడు అంబేడ్కర్. అంటరానివారి పుట్టుక మీద 1948లో వెలువడిన పుస్తకంలో, అవే ముక్కు లెక్కలు తీసుకుని బ్రాహ్మణులూ అంటరానివారూ వేరు జాతులు కారని చూపాడు. 1950లో యునెస్కో కూడా జాతి పేరుతో మనుషులను హెచ్చుతగ్గులు చేయడానికి శాస్త్రంలో ఆధారం లేదని ప్రకటించింది. అయినా మన క్విజ్ పుస్తకాల్లో, పోటీ పరీక్షల నోట్సుల్లో ప్రోటో ఆస్ట్రలాయిడ్, మంగోలాయిడ్ అనే పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పిల్లలు వాటిని బట్టీ పడుతున్నారు.

ఇప్పుడు శాస్త్రం చెప్పేది వేరు. నేటి మనుషులందరి మూలాలూ ఆఫ్రికావే. మొరాకోలో జెబెల్ ఇర్హూద్ దగ్గర దొరికిన మన జాతి ఎముకల వయసు సుమారు 3 లక్షల ఏళ్లు. మన దగ్గరే, కర్నూలు ప్రాంతంలోని జ్వాలాపురంలో, సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద పొర ఉంది. దాని కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 25 సమూహాల నుంచి 132 మంది జన్యువులు పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. అందులో చెంచులున్నారు, మాదిగలున్నారు, వైశ్యులున్నారు, వెలమలున్నారు. రెండు ప్రాచీన జనాల కలయిక వీళ్లందరిలోనూ ఉంది, పాళ్లలోనే తేడా. కలవని రక్తం ఎవరిదీ కాదు. అంటే చెంచు తాతా, బోర్డు రాసిన ఆఫీసరూ ఒకే వయసు మానవజాతి. ఏ తెగా రాతియుగంలో ఆగిపోలేదు.

మొదటి గదిలోని ఆ కోతి బొమ్మ కూడా తప్పే. చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. ఇద్దరికీ పూర్వీకులు ఒకరే.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ నగరంలోని పిట్ రివర్స్ మ్యూజియం 2020లో మనుషుల అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది. అక్కడున్న తమ పూర్వీకుల అవశేషాలను ఇంటికి తెచ్చుకోవడానికి నాగాలు పని చేస్తున్నారు.

మేము మ్యూజియాలకు పోవడం మానలేదు. పోయేముందు పిల్లలకు మూడు ప్రశ్నలు రాసిస్తున్నాం: ఈ బోర్డు ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? మనల్ని అడిగి రాశారా? తిరిగొచ్చాక ఆ ఆరో తరగతి పిల్ల వాళ్ల నానమ్మ కాంచళి బడికి తెచ్చింది. బల్ల మీద పరిచి, పక్కన తనే చీటీ రాసి పెట్టింది. కుట్టిన మనిషి పేరు, కుట్టిన ఏడు, అద్దాలు ఏ సంతలో కొన్నారు, ఏ పెళ్లికి తొడిగారు. చివర్లో, "ఇప్పటికీ తొడుగుతుంది" అని.