తోటా వెనుకనున్న కంపెనీ

1922వ సంవత్సరము ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజును ఆతని యనుచరులును వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపైఁబడి 26 తుపాకులను, రెండువేలకు మించిన తోటాలను గొనిపోయిరి. తీసికొన్నదానికి లెక్క వ్రాసి రాజు స్వయముగా సంతకము చేసెనని చెప్పుకొందురు. ఈ కథను మన యిండ్లలో పిల్లలకు సైతము చెప్పుచున్నాము. అయితే మన మాటలలో తుపాకికున్న చోటు తోటాకు లేదు. తోటా లేని తుపాకి యినుపకఱ్ఱ. మన్యపు తిరుగుబాట్ల చరిత్రలో ఈ చిన్న యిత్తడిగొట్టమునకుఁ గల పాత్రను విచారింప వలసియున్నదని మా యభిప్రాయము.

భద్రాచలము చుట్టునుగల యడవులలోని కోయలకును, కొండరెడ్లకును వేటకు విల్లమ్ములే ముఖ్యసాధనములు. వెదురును నారయు నడవి యిచ్చును. ములికిని సంతలోని కమ్మరి చేసి యిచ్చును. తరువాత వచ్చిన జామికి తుపాకియు నించుమించుగా నట్టిదే. దానిలోఁ గూరు మందునకుఁ గావలసినది సురేకారము, బొగ్గు, గంధకము. పదునైదు పాళ్లు సురేకారమునకు మూఁడు పాళ్లు బొగ్గు, రెండు పాళ్లు గంధకము చేర్చి నూఱినచో మందు సిద్ధమగును. సురేకారము చౌటిమన్నునుండి దిగును, బొగ్గు పొయ్యినుండి వచ్చును. గంధక మొక్కటియే కొనవలసినది. గ్రామమందలి నేర్పరి చేతిలో నీ విద్య యుండెను. కావున ఆయుధమునకును, దానిని బట్టిన వానికిని నడుమ వేఱొకని యనుమతి యక్కఱలేకుండెను.

ఈ స్థితి పందొమ్మిదవ శతాబ్దమున మాఱినది. లండనులో 1828లో ఈలీ సోదరులు తోటాల వ్యాపారమును స్థాపించిరి. అందొకఁడైన విలియం ఈలీ పాదరసముతోఁ జేయు ప్రేలుడు ద్రవ్యముతోఁ బనిచేయుచు 1841లో విస్ఫోటమున మరణించెను. అయినను వ్యాపార మాఁగలేదు. 1862లో బర్మింగుహాము చెంతనున్న విట్టనులో జార్జి కైనాకు అను నాతఁడు పెద్ద కర్మాగారము నెలకొల్పెను. మందు, గుండు, నిప్పుపుట్టించు టోపీ, యీ మూఁటిని నొక్క లోహపుగొట్టములో బిగించి యమ్మఁజొచ్చిరి. వేటకాఁడు వానలో నిలిచినను మందు తడియదు. తుపాకి యొక్క క్షణములో నిండును. సౌకర్యము మెండే. కాని యీ గొట్టమును రోటిలో నూఱి చేయుట సాధ్యము కాదు.

కైనాకు కంపెనీకిఁ దరువాత అధ్యక్షుఁడైన ఆర్థరు చేంబర్లేను, వలసరాజ్యముల మంత్రియైన జోసెఫు చేంబర్లేనుకు సోదరుఁడు. బోయరు యుద్ధకాలమున, 1900లో, మంత్రిగారి కుటుంబమునకు ప్రభుత్వపు కంట్రాక్టులతోఁ గల సంబంధమును లాయిడ్ జార్జి పార్లమెంటులో నిలదీసెను. అన్న యుద్ధమును నడుపుచుండఁగా తమ్ముఁడు తోటా లమ్ముట యింగ్లండు ప్రజలకే వింతగాఁ దోఁచినది! 1918లో కైనాకు, ఈలీ, నోబెలు మొదలగు సంస్థలు ఏకమయ్యెను. ఆ కూటమికి 1920లో నోబెల్ ఇండస్ట్రీసు అని పేరు వచ్చెను. 1926లో నది ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీసులో లీనమయ్యెను. పందులను దోలు రైతు వాడు తోటా, గనిలో రాతిని బ్రద్దలు గొట్టు మందు, పొలమున వేయు రసాయనము, ఒక్క కంపెనీ గుత్తమునకు వచ్చెను.

మన దేశమున నీ వ్యవహారమును సర్కారు తన చేతిలోనే యుంచుకొన్నది. ఈస్టిండియా కంపెనీవారు కలకత్తాకడ ఈషాపురమున 1791నాటికే తుపాకిమందు తయారు చేయుచుండిరి. పూనాకడ కిర్కీలో 1869లో తోటాల కర్మాగారము లేచెను. కాన్పూరున జీనులు, తోలుసామగ్రి తయారయ్యెను. దొరలు భద్రాచలపు టడవులకుఁ బెద్దపులివేటకు వచ్చినప్పుడు డేరాలు, మంచములు, తోటాపెట్టెలు మోసినవారును, మంచెపై దొర కూర్చుండఁగా మృగమును దోలినవారును ఈ కొండవారే.

వారు తోలిన మృగమును వారే కాల్చుట మాత్రము చట్టవిరుద్ధము. లిట్టను ప్రభువుకాలమున 1878లో వచ్చిన ఆయుధముల చట్టము లైసెన్సు లేనిదే తుపాకిని, మందుగుండును తయారు చేయరాదు, అమ్మరాదు, మోయరాదు అన్నది. ఐరోపావారికి మినహాయింపు. అంతియ గాదు, సీసము, గంధకము, సురేకారము మీఁదికిని చట్టమును విస్తరింపఁజేయు నధికారమును గవర్నరు జనరలు తన వద్ద నుంచుకొనెను. రోటిలోని మందునకును తలుపు మూయఁబడినది! 1887లో చెన్నపురిని గూడిన కాంగ్రెసు ఈ చట్టమును సడలింపుఁడని తీర్మానించెను. కాని యా కోరినవారు చదువుకొన్న పెద్దమనుష్యుల గౌరవమును దలఁచిరేగాని, పంటను బందులు పాడుచేయఁగాఁ జూచుచు నిలిచిన కోయను దలఁచిరని మాకుఁ దోఁపదు.

చట్టము వచ్చిన మఱుసటియేడే, 1879లో, రంప తిరుగుబాటు పుట్టి భద్రాచలము తాలూకాలోని రేకపల్లివఱకు వ్యాపించెను. ఈ ప్రాంతము 1860లో నైజామునుండి యింగ్లీషువారికి వచ్చి, మధ్యపరగణాలలో నుండి 1874లో గోదావరిజిల్లాకు మాఱినది. మాఱినతోడనే పోడుపై పన్ను పెరిగినది, కొన్ని తావులలోఁ బోడే కూడదనిరి. పోడు పోయినవానికి మిగిలినది వేట. వేటకుఁ గావలసినది లైసెన్సు. ఆ కోపము నందుఁ దుపాకిచట్టమున కెంత పాలున్నదో విడదీసి చెప్పఁజాలము గాని, రెండును ఒకే చేతినుండి వచ్చిన దెబ్బలే.

అట్లే 1922లో గూడ. ఠాణాలలోఁ గొన్న తోటాలు కాల్చినకొలఁది తఱుగునవే. వానిని మరల నింపుటకు మన్యమునఁ గర్మాగారము లేదు. ఎదుటిపక్షమునకో, అస్సాము రైఫిల్సువఱకు సేనలు దిగెను. వారి తోటాపెట్టెలకు గొఱఁత లేదు. 1924 మే 7న రాజు కొయ్యూరుకడఁ జంపఁబడెను. ఆ రెండేండ్లు ఆతఁడు నిలిచినది కొండదారుల యెఱుకచేతను, జనుల యాదరముచేతను. తోటాల బలిమిచేతఁ గాదు.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1959లో క్రొత్త ఆయుధచట్టము పాతదాని స్థానమును బొందెను. సర్కారు కర్మాగారములు సర్కారువిగనే సాగెను. తెలంగాణమున మెదకుసీమలోని ఎద్దుమైలారమున 1984లో నొకటి క్రొత్తగా వెలసినది. 2021 అక్టోబరు 1న కార్మికసంఘములు వలదనుచుండఁగనే ఆ కర్మాగారము లన్నియు ఏడు కంపెనీలుగా విభజింపఁబడెను. కిర్కీ తోటాలు పూనా కేంద్రముగాఁ గల మ్యూనిషన్స్ ఇండియా వంతునకు వచ్చెను. గుడారములు, దుస్తులు, బూట్లు కాన్పూరులోని ట్రూప్ కంఫర్ట్స్ వంతునకు. ఎద్దుమైలారము కవచవాహనముల కంపెనీకి. ఈస్టిండియా కంపెనీ మొదలిడిన పని యిట్లు తిరిగి కంపెనీల కడకే చేరినది.

ఇఁక వేట సంగతి. 1972నాటి వన్యప్రాణి చట్టము దొరకును కోయకును సమానముగా వేటను నిషేధించినది. అడవిమృగములు నశింపకుండుటకు నది యావశ్యకమే. మేమును దానిని సమర్థింతుము. అయినను భూమిపండుగనాఁడు భద్రాచలపు మన్యమునఁ గోయపురుషులు విల్లమ్ములతో నడవికేగుట, వట్టిచేతులతో వచ్చినవారిని స్త్రీలు గేలిచేయుట యాచారము. విత్తునకు ముందు అడవితల్లి యాజ్ఞ గొనుటయే యా వేట. ఇప్పుడొక కుందేలు పడినను అది నేరము, పడకున్నను ఇంట నగుబాటు.