అమెరికాలో కళావిద్య పీజీ: విదేశీ విద్యార్థి ఎంపిక

చిత్రలేఖనం, శిల్పం, డిజైన్ వంటి దృశ్యకళలను ఎవరికి, ఎలా నేర్పాలో అధ్యయనం చేసే శాఖ కళావిద్య. కళాకారుడిగా రాణించడానికి చదివే ఎంఎఫ్‌ఏ వేరు, ఇది వేరు. అమెరికాలో ఈ కోర్సు చదవదలచిన విదేశీ విద్యార్థి విశ్వవిద్యాలయం పేరు కన్నా ముందు పట్టా రకాన్ని చూసుకోవాలి. చదువయ్యాక ఏ ఉద్యోగానికి అర్హత వస్తుందో ప్రధానంగా దాన్నిబట్టే ఉంటుంది.

నేపథ్యం

మసాచుసెట్స్ రాష్ట్రం 1870లో ప్రభుత్వ బడుల్లో డ్రాయింగ్‌ను తప్పనిసరి చేసింది. పరిశ్రమలకు నమూనాలు గీసే పనివాళ్లు కావాలన్నది అప్పటి అవసరం. బడుల్లో డ్రాయింగ్ నేర్పే టీచర్ల శిక్షణకే 1873లో బోస్టన్‌లో నార్మల్ ఆర్ట్ స్కూల్ పెట్టారు. అదే నేటి మాస్‌ఆర్ట్ కళాశాల. న్యూయార్క్‌లోని కొలంబియా టీచర్స్ కాలేజీలో 1904 నుంచి ఆర్థర్ వెస్లీ డౌ లలితకళల విభాగాన్ని నడిపారు. ఆస్ట్రియా నుంచి వలస వచ్చిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1946లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరారు. పిల్లల బొమ్మలు వయసుతోపాటు ఏయే దశల్లో మారతాయో వివరిస్తూ మరుసటి ఏడాది పుస్తకం వెలువరించారు.

పట్టాలు

ఎంఏటీ: బడి టీచర్లను తయారుచేసే పట్టా. ఇందులో బడిలో పర్యవేక్షణ కింద పాఠాలు చెప్పడం తప్పనిసరి. టీచర్ లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం కాబట్టి, కోర్సు ఏ రాష్ట్ర నిబంధనల ప్రకారం నడుస్తోందో తెలుసుకోవాలి. వేరే రాష్ట్రానికి వెళితే అదనపు పరీక్షలో, క్రెడిట్లో అడగవచ్చు.

ఎంఏ: చాలాచోట్ల లైసెన్సుతో సంబంధం లేనిది. మ్యూజియం విద్యావిభాగాలు, సామాజిక కళాకేంద్రాలు, పరిశోధన వైపు వెళ్లేవారికి అనువు. టీచర్స్ కాలేజీ వంటి చోట్ల లైసెన్సుకు దారితీసే ఎంఏ కూడా ఉంది కనుక కోర్సు వివరణ చదవకుండా తేల్చుకోకూడదు.

పీహెచ్‌డీ, ఈడీడీ: మొదటిది పరిశోధనకు, రెండోది ఎక్కువగా వృత్తి నాయకత్వానికి. ఒహాయో స్టేట్, ఇలినాయ్, పెన్ స్టేట్ పరిశోధనకు పేరున్నవి.

ప్రవేశం

సొంత చిత్రాల పోర్ట్‌ఫోలియో, ఉద్దేశ పత్రం, సిఫారసు లేఖలు, టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ స్కోరు సాధారణంగా అడుగుతారు. ఎంఎఫ్‌ఏ పోర్ట్‌ఫోలియోలో దరఖాస్తుదారు కుంచె పనితనమే ముఖ్యం. కళావిద్య పోర్ట్‌ఫోలియోలో బోధన ఆలోచన కూడా కనబడాలి. ఉదాహరణకు శ్రీకాళహస్తి కలంకారీపై పాఠం చెప్పి ఉంటే, పాఠ ప్రణాళిక, పిల్లలు వెదురు కలంతో గీసిన గీతల ఫొటోలు, ఎక్కడ తడబడ్డారో రెండు వాక్యాలు జోడిస్తే దరఖాస్తుకు బలం వస్తుంది. మూడేళ్ల డిగ్రీ చేసినవారు అది సరిపోతుందో లేదో ముందే అడగాలి. స్టూడియో, కళాచరిత్ర క్రెడిట్లు చాలకపోతే అదనపు కోర్సులు చేయాల్సి రావచ్చు.

ఖర్చు, వీసా

ట్యూషన్ ఫీజు మాఫీతోపాటు స్టైపెండ్ ఇచ్చే అసిస్టెంట్‌షిప్‌లు ఎక్కువగా పెద్ద విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీల్లోనే దొరుకుతాయి. ప్రైవేటు ఆర్ట్ కాలేజీల మాస్టర్స్ కోర్సుల్లో ఫీజు భారం ఎక్కువ. వీసాకు కావలసిన ఐ-20 పత్రంలో కోర్సు పేరు పక్కన ఒక కోడ్ ఉంటుంది. ఆర్ట్ టీచర్ శిక్షణకు అది 13.1302. ఈ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు. అందుకే ఎఫ్-1 వీసాపై ఉన్న విద్యార్థికి చదువు తర్వాత దొరికే ఓపీటీ (తాత్కాలిక పని అనుమతి) 12 నెలలే. ఇంజినీరింగ్ వారికి లభించే అదనపు 24 నెలలు ఉండవు. బ్యాంకు రుణం తీసుకునేవారు తిరిగి చెల్లించే లెక్కను దీన్నిబట్టే వేసుకోవాలి.

స్వదేశంలో విలువ

అమెరికా రాష్ట్రమిచ్చిన లైసెన్సుతో భారత్‌లోని ప్రభుత్వ బడిలో నేరుగా ఉద్యోగం రాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డ్రాయింగ్ టీచర్ పోస్టులకు డ్రాయింగ్ హయ్యర్ గ్రేడ్, టీటీసీ (టీచర్ శిక్షణ సర్టిఫికెట్) వంటి అర్హతలు అడుగుతూ వచ్చారు. విశ్వవిద్యాలయ అధ్యాపక పోస్టుకు విదేశీ పట్టా సమానత్వ ధ్రువీకరణ అవసరం. అందువల్ల స్వదేశంలోనే పనిచేయాలనుకునేవారికి ఎంఏటీ లైసెన్సు కోసం పెట్టే అదనపు సమయం, డబ్బు పెద్దగా అక్కరకు రావు. వారికి ఎంఏ సరిపోవచ్చు.