యూనిట్ 11: కృష్ణా పశ్చిమ డెల్టాలో ఇంటి నీరు, ఇంటి మురుగు – గొడ్ల చావిడి నుంచి స్నానాల గది వరకు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• డెల్టాలో సాగునీటి కాలువలకు, ఇళ్లలోని నీటి వాడకానికి గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
• చావిడినో, కారు షెడ్డునో గదిగా మార్చేటప్పుడు మురుగు దారిని ముందుగా ఎందుకు నిర్ణయించాలో తెలుసుకుంటారు.
• నీటి హక్కు, పారిశుధ్య శ్రమ, కులం – ఈ మూడింటికీ ఉన్న సంబంధాన్ని చర్చించగలుగుతారు.

11.1 ప్రస్తావన

తెనాలి, రేపల్లె, బాపట్ల మధ్య విస్తరించిన పల్లపు నేలల్లో వేమూరు ఒక మండల కేంద్రం. ఈ ప్రాంతం చిరకాలం గుంటూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. ఇక్కడి పాత రైతు ఇంటిని గుర్తుకు తెచ్చుకోండి. వీధి వైపు అరుగు, నడుమ ఇల్లు, వెనుక పెరడు, పెరట్లో బావి, దాని పక్కన నీళ్ల గాబు, ఒక మూల గొడ్ల చావిడి కనిపిస్తాయి. ట్రాక్టర్లు పెరిగి ఎడ్లు తగ్గిన కొద్దీ చావిళ్లు ఖాళీ అయ్యాయి. కొన్ని ట్రాక్టరు షెడ్లయ్యాయి, కొన్ని కారు షెడ్లయ్యాయి. ఇప్పుడు అనేక చోట్ల అదే కట్టడం మెట్లెక్కలేని తల్లిదండ్రులకు గదిగానో, అద్దెకిచ్చే వాటాగానో మారుతోంది. అలా మార్చేటప్పుడు ముందుగా అడిగేది స్నానాల గది, మరుగుదొడ్డి.

ఇది మేస్త్రికి, ప్లంబరుకు సంబంధించిన విషయం కదా, చరిత్ర పాఠంలో ఎందుకు అని మీకు సందేహం కలగవచ్చు. ఇంట్లోకి నీరు ఎలా వచ్చింది, వాడిన నీరు ఎటు పోయింది, దానిని ఎవరు ఎత్తిపోశారు అన్నవి సామాజిక చరిత్రలో ముఖ్యమైన ప్రశ్నలు. ఈ డెల్టాలో నీటి రాకకు జరిగిన ఏర్పాటు నీటి పోకకు జరగలేదు. ఊరి విషయంలో జరిగిన ఈ ఆలస్యమే ఇంటి విషయంలోనూ కనిపిస్తుంది. ఈ యూనిట్‌లో ప్రధానాంశం ఇదే.

11.2 కాలువ ముందు, మురుగు తరువాత

1832-33లో గుంటూరు ప్రాంతాన్ని డొక్కల కరువు తుడిచిపెట్టింది. ఆ అనుభవం, తగ్గిపోయిన భూమి శిస్తు రెండూ కంపెనీ ప్రభుత్వాన్ని కృష్ణా జలాల వైపు చూసేలా చేశాయి. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ వద్ద 1852లో మొదలైన ఆనకట్ట 1855లో పూర్తయింది. కుడిగట్టు కాలువలు పశ్చిమ డెల్టాకు వరి పంటను, దానితోపాటు ఊరి చెరువులకు నీటిని తెచ్చాయి. 1952లో ఆనకట్ట దెబ్బతిన్న తరువాత దానికి బదులుగా ప్రకాశం బ్యారేజి 1957 నాటికి సిద్ధమైంది.

నీరు తీసుకురావడానికి శిస్తు రూపంలో ప్రతిఫలం ఉంది. నీరు తీసివేయడానికి అటువంటి ఆకర్షణ లేదు. ఇక్కడి నేల సముద్రం వైపు అతి స్వల్పంగా వాలి ఉంటుంది. భారీ వర్షాలకు పొలాల్లో నిలిచిన నీరు రోజుల తరబడి కదలదు. నల్లమడ వంటి మురుగు కాలువల మీద డెల్టా దిగువ ఊళ్లు ఎంతగా ఆధారపడతాయో మీకు తెలుసు. కృష్ణా, గోదావరి డెల్టాలలో మురుగు పనుల కోసం ప్రత్యేకంగా సెస్సు విధించే చట్టం 1968లో వచ్చింది. ఆనకట్ట పూర్తయిన 113 సంవత్సరాలకు అన్నమాట! అంతకుముందు మురుగు కాలువలు అసలే లేవని దీని అర్థం కాదు. ప్రభుత్వం దేనిని ముందు, దేనిని వెనుక పెట్టిందో ఈ రెండు తేదీలు చూపుతాయి.

మురుగు ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న పట్టణాలలో ఉద్యమాలకు కూడా దారితీసింది. బాపట్లకు సమీపంలోని చీరాల–పేరాలను మునిసిపాలిటీగా మార్చినప్పుడు, పెరిగిన పన్నులను మోయలేమని ప్రజలు ఎదురుతిరిగారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో ఊళ్లు ఖాళీ చేసి, రామనగరం పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి నిలిచారు. దీనిని జాతీయోద్యమంలో భాగంగా మీరు ఇదివరకే చదివి ఉంటారు. స్థానిక సదుపాయాల ఖర్చును ప్రజలపై మోపి, నిర్ణయాధికారాన్ని మాత్రం వారికి ఇవ్వని పాలనపై తిరుగుబాటుగా కూడా దీనిని చదవవచ్చు.

11.3 చెరువు, బావి, కుళాయి: ఎవరి నీరు?

సముద్రానికి దగ్గరైన కొద్దీ ఇక్కడి భూగర్భ జలం ఉప్పగా మారుతుంది. అందువల్ల బావి ఉన్న ఇళ్లు కూడా తాగడానికి చెరువు నీటిపై ఆధారపడ్డాయి. వేసవిలో కాలువలు కట్టే ముందు ఊరి చెరువులను నింపుకోవడం డెల్టా గ్రామాల ఆనవాయితీ. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, ఉప్పెన తీర గ్రామాల మంచినీటి వనరులు ఎంత బలహీనమైనవో తెలియజేశాయి.

అయితే చెరువు అందరిదీ కాలేదు. అంటరానివారుగా ముద్రవేయబడిన కులాలవారు మంచినీటి చెరువులో కడవ ముంచే వీలు లేదు. ఎవరైనా పోస్తేనే నీళ్లు, లేదా వాడకు విడిగా ఒక బావి. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చెరువు నీరు తాగి ప్రకటించిన హక్కు ఈ డెల్టా పల్లెలకు కూడా అంతే అవసరమైనది. రాజ్యాంగం 17వ అధికరణం, 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం ఆ హక్కుకు చట్టబద్ధత కల్పించాయి. వీధి కుళాయి, ఆ తరువాత ఇంటి కుళాయి ఆచరణలో దూరాన్ని కొంత తగ్గించాయి. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల నీటిని లక్ష్యంగా పెట్టుకుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. ఐదుగురున్న ఇంటికి 55 లీటర్ల చొప్పున రోజుకు 275 లీటర్లు. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని ఇంజనీర్లు అంచనా వేస్తారు. అంటే రోజుకు 220 లీటర్లు. పట్టణ ప్రమాణమైన 135 లీటర్ల చొప్పున అయితే 540 లీటర్లు. బావి నుంచి చేదతో తోడుకున్న కాలంలో ఈ పరిమాణం తక్కువ. అది అరటి పాదులకో, కూర మడులకో సరిపోయేది. కుళాయితో వచ్చిన నీటికి ఆ పాదులు చాలవు.

11.4 చావిడి గదిగా మారినప్పుడు

ఇప్పుడు చావిడి దగ్గరకు రండి. పాత ఇంటిని రెండు మూడు అడుగుల అరుగు మట్టంపై కడితే, పశువులు ఎక్కి దిగడానికి వీలుగా చావిడి నేలను పెరటి మట్టానికే ఉంచేవారు. కారు షెడ్డుదీ అదే తీరు. పైగా దాని నేల బయటికి వాలి ఉంటుంది. దాని కింద పైపులు ఉండవు. ఇంటి సెప్టిక్ ట్యాంకును మాత్రం ఎత్తులో ఉన్న ఇంటి మరుగుదొడ్డిని దృష్టిలో పెట్టుకుని కట్టి ఉంటారు.

మంచినీటి పైపు సమస్య కాదు. మేడపై ట్యాంకు నుంచి అరంగుళం, ముప్పాతిక అంగుళం పైపు గోడ వెంట ఎటైనా తిరుగుతుంది. మురుగు పైపు అలా తిరగదు. దానికి మేస్త్రులు చెప్పే ‘వాటం’ కావాలి. నాలుగు అంగుళాల పైపుకు సాధారణంగా నలభై అడుగులకు ఒక అడుగు వాటం ఇస్తారు. కొత్త మరుగుదొడ్డి ట్యాంకుకు నలభై అడుగుల దూరంలో ఉంటే, పైపు ట్యాంకును చేరే సరికి ఒక అడుగు దిగుతుంది. చావిడి నేల అప్పటికే ఇంటికన్నా రెండడుగులు పల్లం. ఆ పైపు ట్యాంకులోని నీటి మట్టానికి కిందుగా చేరితే మురుగు వెనక్కి తన్నుతుంది.

అందుచేత పని క్రమం ఇలా ఉండాలి:
1. ట్యాంకు ఇన్‌లెట్ మట్టాన్ని, గది నేల మట్టాన్ని నీళ్ల ట్యూబుతో పోల్చి చూడాలి.
2. పైపు పొడవు కొలిచి, కావలసిన వాటం లెక్కకట్టాలి.
3. మట్టం చాలకపోతే గది నేలను ఎత్తు చేయాలి, లేదా మరుగుదొడ్డిని ట్యాంకుకు దగ్గరగా జరపాలి, లేదా స్థలం అనుకూలిస్తే వేరే ట్యాంకు కట్టాలి.
4. మలుపుల వద్ద చాంబర్లు, ప్రతి తొట్టికి ట్రాప్, గాలి పోవడానికి వెంట్ పైపు గుర్తించుకోవాలి.
5. మంచినీటి పైపులు, టైల్స్, రంగులు ఆ తరువాతే.

ట్రాప్ అంటే వంపులో నిలిచిన కొద్దిపాటి నీరు. దుర్వాసనను అడ్డుకునే ఈ వంపుకు 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ పేటెంట్ పొందాడు. మరుగుదొడ్డి పెరటి చివర నుంచి పడక గది పక్కకు రాగలిగిందంటే కారణం ఆ వంపే.

ఈ సమస్య మన పల్లెలకే పరిమితం కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2017 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన చట్టాలు కారు గ్యారేజీలను నివాసాలుగా మార్చడాన్ని సులభం చేశాయి. అక్కడ కూడా కాంక్రీటు నేలను కోసి, అడుగుకు పావు అంగుళం వాటంతో పైపు వేస్తారు. దేశం మారినా నీరు పల్లానికే పారుతుంది.

11.5 వర: ఒకే వస్తువు, రెండు పనులు

కరీంనగర్ ప్రాంతంలోని పెద్దబంకూరు తవ్వకాలలో శాతవాహనుల కాలపు ఇటుక బావులతోపాటు మట్టి వరల బావులు కూడా బయటపడ్డాయి. ఇరవయ్యో శతాబ్దంలో సిమెంటు వరలు వచ్చాయి. వాటిని ఒకదానిపై ఒకటి దించి మంచినీటి బావి కట్టారు. ఆ తరువాత అవే వరలను మరుగుదొడ్డి గుంటకూ దించారు.

ప్రమాదం ఇక్కడే ఉంది. గుంట అడుగు భూగర్భ జలమట్టానికి దాదాపు రెండు మీటర్ల ఎత్తున, బావికి కనీసం 15 మీటర్ల దూరాన ఉండాలని సాధారణంగా సూచిస్తారు. డెల్టాలో వానాకాలం కొన్ని అడుగులకే నీరు పడుతుంది. నల్లమట్టి నీటిని త్వరగా పీల్చుకోదు. బిందేశ్వర్ పాఠక్ 1970లో స్థాపించిన సులభ్ సంస్థ ప్రచారం చేసిన రెండు గుంటల పద్ధతికి కూడా నీరింకే నేల అవసరం. కాబట్టి ఇక్కడ గుంటను లోతు చేయడం పరిష్కారం కాదు. అడుగు, గోడలు నీరు కారకుండా కట్టిన ట్యాంకు, దాని నుంచి వచ్చే నీటికి మెరక చేసిన ఇంకుడు మడి మేలు. చాలా ఇళ్లలో ఆ నీటిని నేరుగా వీధి కాలువలోకి వదులుతున్నారు. అప్పుడు ఇంటి సమస్య ఊరి సమస్య అవుతుంది.

11.6 ట్యాంకు నిండిన తరువాత

పాత పొడి మరుగుదొడ్ల కాలంలో మలాన్ని చేతులతో ఎత్తి, తట్టలలో మోసినవారు కొన్ని కులాలవారే. 1993 నాటి చట్టం పొడి మరుగుదొడ్ల నిర్మాణాన్ని, వాటిని శుభ్రం చేయడానికి మనుషులను పెట్టడాన్ని నిషేధించింది. బెజవాడ విల్సన్, ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివారి కృషితో సఫాయి కర్మచారి ఆందోళన్ ఈ నిషేధం అమలు కోసం పోరాడింది. 2013 నాటి చట్టం రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను మనుషులచేత శుభ్రం చేయించడాన్ని కూడా నిషేధించింది. ఇటువంటి పనిలో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మురుగు కాలువల మరణాలకు 2023 అక్టోబరులో ఆ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది.

ఈ తీర్పులకు, మీ పెరటిలోని చావిడికి నేరుగా సంబంధం ఉంది. ట్యాంకు మూతపై గది నేల వేసి టైల్స్ అతికిస్తే, ట్యాంకు లారీ గొట్టం లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది. అది నిండిన రోజున ఒక మనిషిని దింపాలనే ఆలోచన వస్తుంది. మూసి ఉన్న ట్యాంకులోని విషవాయువులకు క్షణాల్లో స్పృహ తప్పుతుంది. కాపాడబోయినవారు కూడా పడిపోతారు. మూత బయటికి కనిపించేలా, లారీ గొట్టం అందేలా ప్లానులోనే చోటు వదలడం ఖర్చు లేని జాగ్రత్త. అది ఒక ప్రాణానికి సంబంధించిన నిర్ణయం.

11.7 సారాంశం

డెల్టాలో సాగునీరు 1855 నాటికే వచ్చినా, మురుగు వ్యవస్థకు తగిన ప్రాధాన్యం ఆలస్యంగా లభించింది. ఇళ్లలో కూడా కుళాయి ముందు వచ్చి, మురుగు ఆలోచన వెనుకబడింది. ఆ వెనుకబాటు భారాన్ని పల్లపు వాడలు, పారిశుధ్య శ్రమ చేసే కులాలు మోశాయి. పాత కట్టడాన్ని గదిగా మార్చేవారు నీరు బయటకు పోయే దారి నుంచి ప్లాను మొదలుపెట్టాలి.

11.8 ముఖ్య పదాలు

వాటం: నీరు తనంతట తాను పారడానికి ఇచ్చే వాలు.
వర: బావిలోనో గుంటలోనో దించే గుండ్రని చుట్టు.
ట్రాప్: దుర్వాసన రాకుండా నీరు నిలిపే పైపు వంపు.

11.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కృష్ణా పశ్చిమ డెల్టాలో నీటి సరఫరాకు, మురుగు పారుదలకు లభించిన ప్రాధాన్యాలను పోల్చండి.
2. మంచినీటి వనరుల వినియోగంలో కుల వివక్షను, దానిపై వచ్చిన చట్టాలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చీరాల–పేరాల ఉద్యమాన్ని స్థానిక పాలన దృష్టితో వివరించండి.
2. మీ ఇంటిలో వాడిన నీరు ఎటు పోతుందో బొమ్మ గీసి, అది చివరకు ఎవరి వాడకు చేరుతుందో రాయండి.